కంప్యూటర్ క్లబ్‌లో సమస్య చెప్పడం, సలహా ఇవ్వడం ఎలా?

ఒక ఆదివారం పొద్దున, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తన డెస్క్‌టాప్ సీపీయూని బియ్యం సంచిలో పెట్టుకుని ఆటోలో మా క్లబ్‌కి తెచ్చారు. "నెట్ పోయింది బాబూ. షాపులో చూపిస్తే వైరస్ అన్నారు, విండోస్ మళ్లీ ఎక్కించాలన్నారు. ఇందులో మా నాన్నగారి ఫోటోలున్నాయి. అవి పోతాయేమోనని టెన్షన్ పట్టుకుంది" అన్నారు. గంట తర్వాత రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి మార్చుకుని ఇంటికి వెళ్లారు. ఫోటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మాది పెద్ద క్లబ్ కాదు. లైబ్రరీ వెనక గది, రెండు ప్లగ్ బోర్డులు, ఒక రూటర్, పాత మానిటర్ ఒకటి. నెలకు రెండు ఆదివారాలు పది పదిహేను మందిమి కలుస్తాం. డిగ్రీ పిల్లలు, డీటీపీ చేసేవాళ్లు, మీసేవ సెంటర్ నడిపే అక్క, రిటైరైన ఉద్యోగులు. మాలో ఇంజినీర్లు తక్కువ. అయినా వచ్చిన సమస్యల్లో చాలావాటికి దారి దొరుకుతుంది. ఎందుకంటే కంప్యూటర్ సమస్య సగం చెప్పడంలోనే తేలిపోతుంది. చెప్పేవాళ్లకూ, వినేవాళ్లకూ ఒక పద్ధతి ఉండాలి, అంతే. ఇన్నేళ్లలో మాకు అలవాటైన పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఊళ్లో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది.

1. ఇంటి దగ్గరే అరకాగితం రాసుకోండి

డాక్టర్ దగ్గరికెళ్లి "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఎప్పటి నుంచి, ఎక్కడ, ఏం తిన్నాక అని అడుగుతారు. "సిస్టమ్ పనిచేయట్లేదు" అన్న మాటా అలాంటిదే. బయల్దేరే ముందు ఒక అరకాగితం తీసుకుని ఈ సంగతులు రాయండి.

మీరు ఏం చేయబోయారు, దానికి బదులు ఏం జరిగింది? ఎప్పుడూ అలాగే అవుతోందా, అప్పుడప్పుడా? మొదటిసారి ఎప్పుడు చూశారు? దానికి ముందు ఇంట్లో ఏం మారింది? కొత్త ప్రింటర్ పెట్టారా, అప్‌డేట్ వచ్చిందా, కరెంటు పోయి వచ్చిందా, ఇల్లు మారారా, ల్యాప్‌టాప్ కింద పడిందా? ఇప్పటిదాకా మీరుగానీ వేరేవాళ్లుగానీ ఏమేం చేసి చూశారు? ఈ చివరిది చాలామంది దాచేస్తారు, తిడతారేమోనని. దాచకండి. ఎవరూ ఏమీ అనరు, పైగా మా పని సగం తగ్గుతుంది.

తెర మీద ఏదైనా హెచ్చరిక వస్తే ఫోన్‌తో ఫోటో తీయండి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే పట్టుకోవడానికేం లేదు. అందులో ఉన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా కావాలి. సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోయి తెరంతా నీలంగా మారితే (కొత్త విండోస్ 11లో అది నల్లగా వస్తోంది) అందులో 'స్టాప్ కోడ్' అని ఒక పేరు ఉంటుంది. ఆ పేరు దొరికితే వెతకడం తేలిక.

తర్వాత మెషీన్ వివరాలు. విండోస్ బొమ్మ ఉన్న మీటనూ, 'ఆర్' మీటనూ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో విన్‌వర్ (winver) అని ఇంగ్లీషులో కొడితే విండోస్ వెర్షన్ కనిపిస్తుంది. ఎంఎస్ఇన్‌ఫో32 (msinfo32) అని కొడితే మోడల్, ర్యామ్, ప్రాసెసర్ అన్నీ వస్తాయి. రెండింటికీ ఫోటో తీసుకోండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ మర్చిపోవద్దు. అది లేక వెనక్కి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకోటి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని రండి. చేయడం కుదరకపోతే వచ్చీ రాగానే "ఇందులో ఉన్నవాటికి రెండో కాపీ లేదు" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మేం పని చేసే తీరే మారిపోతుంది.

2. మొదట అందరి సమస్యా వినండి, అప్పుడే పరిష్కారాలు వద్దు

ఇది మేం సొంతంగా కనిపెట్టింది కాదు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. తర్వాత ఆపిల్ కంప్యూటర్ తయారుచేసిన స్టీవ్ వోజ్నియాక్ ఆ మొదటి సమావేశానికి వెళ్లినవాళ్లలో ఒకరు. ఆ తర్వాతి సమావేశాలను లీ ఫెల్సెన్‌స్టీన్ నడిపేవారు. ఆయన సభను రెండు భాగాలు చేశారు. మొదటిదాని పేరు మ్యాపింగ్. ఒక్కొక్కరూ లేచి తమ దగ్గర ఏముందో, తమకేం కావాలో చెప్పేవారు. రెండోదాని పేరు ర్యాండమ్ యాక్సెస్. అప్పుడందరూ లేచి ఎవరికి కావాల్సినవాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లేవారు.

మేమూ అలాగే చేస్తాం. మనిషికి రెండు నిమిషాలు. అరకాగితం చదవడమే. ఒకరు బోర్డు మీద పేరూ, సమస్యా రాస్తారు. దాని సంగతి తెలిసినవాళ్లు చెయ్యెత్తితే వాళ్ల పేరు పక్కన పడుతుంది. ఈ వంతు అయ్యేదాకా "నేను చెప్తా, ఇలా చేయండి" అని ఎవరూ మొదలుపెట్టకూడదు. ఈ నియమం లేనప్పుడు మొదట నోరు తెరిచినవాళ్ల ప్రింటర్ చుట్టూ పదిమందీ మూగేవాళ్లు, మూలన కూర్చున్న ఆంటీ రెండు గంటలు చూసి లేచి వెళ్లిపోయేవారు. నాకు ఇప్పటికీ ఆవిడ మొహం గుర్తుంది.

3. అడిగింది కాదు, అక్కర ఏమిటో కనుక్కోండి

ఇక్కడి నుంచి సలహా ఇచ్చేవాళ్ల పని. ఉద్యోగానికి అప్లై చేస్తున్న అమ్మాయి ఒకసారి "ఫోటోషాప్ ఎలా ఎక్కించుకోవాలి?" అని అడిగింది. ఇద్దరు కుర్రాళ్లు వెంటనే డౌన్‌లోడ్ లింకుల దాకా వెళ్లిపోయారు. "దాంతో ఏం చేద్దామని తల్లీ?" అని మీసేవ అక్క అడిగితే తేలింది: సైట్ 50 కేబీ లోపు ఫోటో మాత్రమే తీసుకుంటోంది, ఈ అమ్మాయి ఫోటో 3 ఎంబీ ఉంది. విండోస్‌లో ఉండే పెయింట్‌లో కొలత తగ్గించి సేవ్ చేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోయింది. అందుకే ఏ ప్రశ్నకైనా ముందు "దీంతో ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడగండి.

మాస్టారి సంగతికి వద్దాం. డిగ్రీ రెండో ఏడాది చదివే కుర్రాడు ఆయన పక్కన కూర్చున్నాడు.

"నెట్ పోయిందంటే ఏం కనిపిస్తోంది మాస్టారూ?"

"ఏ సైట్ తెరిచినా ఎర్రగా హెచ్చరిక వస్తోంది. మీ కనెక్షన్ ప్రైవేట్ కాదంటోంది."

"అదే వైఫై మీద మీ ఫోన్‌లో?"

"ఫోన్‌లో బాగానే వస్తోంది."

"రోజంతా ఇలాగేనా?"

"పొద్దున్నే వస్తుంది. సెలవుల్లో మనవడు ఉన్నప్పుడు ఏదో సరిచేసేవాడు. ఇక సాయంత్రం దాకా బాగానే ఉండేది. తెల్లారితే మళ్లీ మామూలే."

"రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపేస్తారా?"

"ఆపకుండా ఎలా పడుకుంటాం నాయనా?"

కుర్రాడు తెర కింద కుడి మూలన వేలు పెట్టి చూపించాడు. అక్కడ తేదీ 2012 జనవరి 1 అని ఉంది.

సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చెప్పేది సర్టిఫికెట్. అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకానే చెల్లుతుంది. కంప్యూటర్ తాను 2012లో ఉన్నాననుకుంటే ఈనాటి సర్టిఫికెట్ ఏదీ దానికి చెల్లదు. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు లోపలి గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది. స్విచ్ ఆపాక దాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ. అది అయిపోయింది, కాబట్టి రాత్రి స్విచ్ ఆపగానే గడియారం మొదటికి వస్తోంది. వైరస్ లేదు, విండోస్ చెడిపోలేదు.

ఇంట్లో మీరే మార్చుకోవచ్చు. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, పక్క మూత తెరవండి. పాత బ్యాటరీ ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి, ప్లస్ గుర్తు సాధారణంగా పైకి ఉంటుంది. కొత్తది పెట్టాక బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెరలోకి) వెళ్లి తేదీ సరిచేయండి. అక్కడి సెట్టింగులు కూడా మొదటికి వచ్చి ఉండొచ్చు. సిస్టమ్ ఏ డిస్క్ నుంచి లేవాలో ఓసారి చూసుకోండి.

4. మౌస్ యజమాని చేతిలోనే ఉండాలి

మా క్లబ్‌లో గట్టిగా పాటించేది ఇదొక్కటే అన్నా తప్పు లేదు. సలహా ఇచ్చేవాళ్లు పక్కన కూర్చుంటారు, నోటితో చెబుతారు, వేలితో చూపిస్తారు. నొక్కేది మాత్రం సమస్య తెచ్చినవాళ్లు. ఆలస్యం అవుతుంది, నిజమే. చెయ్యి తిరిగినవాళ్లకు పక్కన చూస్తూ కూర్చోవడం కష్టం కూడా. కానీ మీరు చకచకా పది విండోలు తెరిచి మూసేస్తే అవతలివాళ్లకు మిగిలేది "వాళ్లేదో చేశారు" అన్న మాటే. తన చేత్తో చేసినవాళ్లు ఇంకోసారి ఇంట్లోనే చేసుకుంటారు, పక్కింటివాళ్లకూ చెబుతారు.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోండి. ఎవరి గ్యాలరీ, ఎవరి మెయిల్ అయినా వాళ్లు అడగకుండా తెరవద్దు. ముఖ్యంగా ఆడపిల్లలు ధైర్యంగా రావాలంటే ఈ విషయంలో పేరు చెడకూడదు.

5. ఒకసారికి ఒక్కటే మార్చండి

వెనక్కి తీసుకోగలిగేవి, ఖర్చు లేనివి ముందు. ఒక్కటి మార్చండి, చూడండి, రాయండి. కుదరకపోతే దాన్ని మళ్లీ ముందున్నట్టు పెట్టి రెండోదానికి వెళ్లండి. ఒకేసారి మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో కూడా తెలియదు.

సమస్యను సగానికి సగం కోసుకుంటూ వెళ్లడం మంచి కిటుకు. నెట్ లేదంటే, అదే వైఫై మీద వేరే ఫోన్‌లో వస్తోందా? వస్తే తప్పు ఈ మెషీన్‌ది, రాకపోతే రూటర్‌దో బయటి లైన్‌దో. ఒక బ్రౌజర్‌లో రాకపోతే ఇంకోదాంట్లో వస్తోందా? తెర నల్లగా ఉంటే బయటి మానిటర్ తగిలించి చూడండి. ప్రతి ప్రశ్నతోనూ సగం అనుమానాలు ఎగిరిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది" అని. దీన్ని కాస్త వివరంగా చెబుతాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ ఆన్ చేసి ఐదు నిమిషాలాగి చూడండి. మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలట్లేదు, లేదా బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి. ఏ పనీ చేయకుండానే డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, లోపల పాత రకం హార్డ్ డిస్క్ ఉంటే, దొంగ దొరికినట్టే. ఆ డిస్కులో పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద ఒక చెయ్యి కదులుతూ చదువుతుంది. విండోస్ వేల చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది. ప్రతిదానికీ ఆ చెయ్యి అటూ ఇటూ పరిగెత్తాలి. ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కులో కదిలే భాగమే లేదు, అందుకే పాతదాని బదులు అది పెడితే పాత ల్యాప్‌టాప్‌కి కూడా ప్రాణం లేచొస్తుంది.

కొనే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఉన్న డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ గుడ్, కాషన్, బ్యాడ్ అని రంగుతో చెబుతుంది. కాషన్ అని పసుపు రంగు కనిపిస్తే ఇంకే పరీక్షా వద్దు. ముందు ఫైళ్లు బయటికి తీయండి. రెండోది, మీ మోడల్‌లో ఏ రకం పడుతుందో కనుక్కోండి. రెండున్నర అంగుళాల సాటా డిస్కా, ఎం.2 అనే పొడుగుపాటి చీటీలాంటిదా? ఎం.2లో కూడా కొన్ని మెషీన్లు సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ రకాన్నే. చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆఫర్ ఉందని కొనేసి తర్వాత బాధపడొద్దు.

విండోస్ 10 గురించి ఈమధ్య ప్రతిసారీ అడుగుతున్నారు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. అవి లేని మెషీన్ పారేయక్కర్లేదు. విండోస్ బదులు వాడుకోగల ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, లోపల ఏమీ మార్చకుండా నాలుగు రోజులు వాడి చూడొచ్చు. లినక్స్‌కి సాయం కావాలంటే మన దగ్గర మనుషులున్నారు. తెలంగాణలో స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తోంది.

6. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిన చోట్లు

బయాస్ ముట్టుకునే ముందు, డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఉందా అని అడగండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ దానంతటదే తాళం వేసుకుని వస్తుంది. ఆ సంగతి యజమానికి తెలియకపోవచ్చు. బయాస్‌లో కొన్ని సెట్టింగులు మారిస్తే మళ్లీ లేచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలి ఫైళ్లు తిరిగిరావు. ఒకసారి మా దగ్గరే ఇలా జరిగింది. కీ ఆ అబ్బాయి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికేదాకా గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పటి నుంచి ముందు కీ కాగితం మీద రాసుకుంటాం, బిట్‌లాకర్‌ని కాసేపు ఆపుతాం, ఆ తర్వాతే బయాస్.

డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే గీతలు పడి డేటా శాశ్వతంగా పోవచ్చు. టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేచిందంటే కింద బ్యాటరీ ఉబ్బినట్టే. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. సర్వీసు సెంటర్‌కి పంపండి. డెస్క్‌టాప్‌లో కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ డబ్బా మూత తెరవద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంటోందని చెబితే అది కంప్యూటర్ సమస్య కాకపోవచ్చు. మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఎర్తింగ్ తీగ లేని ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవమని చెప్పండి.

7. తెలుగు అక్షరాలు చెడిపోతే

ఇది మన క్లబ్బుల్లో మాత్రమే సరిగ్గా తేలే సమస్య, అందుకే విడిగా రాస్తున్నాను. "తెలుగు పాడైపోయింది" అంటే ముందు తెర చూడండి. ఎలా పాడైందో చూస్తే కారణం తెలిసిపోతుంది.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, ఫాంట్ లేదంతే. నోటో శాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) ఫాంట్ ఎక్కిస్తే చాలు.

నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ' అక్షరం, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, మళ్లీ అదే వరస వస్తుంటే కూడా కంగారొద్దు. యూనికోడ్ అక్షరాలను ఫైల్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. చదివే ప్రోగ్రామ్ వాటిని విడివిడిగా మూడు ఇంగ్లీషు అక్షరాలనుకుంటోంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైల్ తెరిచినప్పుడు ఎక్కువగా ఇలా అవుతుంది. నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా, డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి. అలా పాడైన ఫైల్‌ని మాత్రం సేవ్ చేయొద్దు.

వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే బాధగానే చెప్పాలి. సేవ్ చేసేటప్పుడే తెలుగు పోయింది. ఆ ఫైల్‌లో ఇప్పుడు నిజంగానే ప్రశ్నార్థకాలున్నాయి. పాత కాపీ వెతకడమే దారి.

నాలుగోది డీటీపీ వాళ్ల సమస్య. పాత అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకం తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. అవి యూనికోడ్ రాకముందు నాటి పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి చేసిన ఫాంట్లు. ఆ ఫాంటే ఉంటే చక్కగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చడానికి కన్వర్టర్లున్నాయి, కానీ మార్చాక వత్తులూ, అరుదైన సంయుక్తాక్షరాలూ మనిషి కూర్చుని చదివి తీరాలి. మా క్లబ్‌లో ఒకాయన తన తండ్రి రాసిన శతకాన్ని ఇలాగే వారానికి పది పద్యాల చొప్పున సరిచూసుకున్నారు. అసలు ఫైల్‌ని మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

8. ఫోన్‌లో సలహా ఇచ్చేటప్పుడు

ఆదివారం దాకా ఆగలేని సమస్యలు వాట్సాప్ గ్రూపులోకి వస్తాయి. అక్కడ కూడా అరకాగితమే పెట్టండి, ఒకే మెసేజ్‌లో, ఫోటోతో. "ఎవరైనా ఉన్నారా?" అని ఒక మెసేజ్, "ఒక డౌటు" అని ఇంకోటి పెడితే జవాబు చెప్పేవాళ్లకు ఓపిక పోతుంది.

ఎనీడెస్క్ లాంటివి వాడి దూరం నుంచి తెర చూడటం మేం క్లబ్‌లో మొహం తెలిసినవాళ్ల మధ్యే, ముందుగా టైం అనుకుని చేస్తాం. బ్యాంకు నుంచి, కంపెనీ నుంచి అంటూ తెలియనివాళ్లు ఫోన్ చేసి అలాంటి యాప్ పెట్టుకోమంటే అది మోసమే. డబ్బు పోయిందని ఎవరైనా చెబితే తప్పెవరిదన్న చర్చ పెట్టకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చెబితే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత బ్యాంకుకి చెప్పించండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయించండి.

9. నోటు పుస్తకం

గదిలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. సమస్య తీరినా తీరకపోయినా ఒక పేజీ రాయాలి. రాసేది సలహా ఇచ్చినవాళ్లు కాదు, తెచ్చినవాళ్లు, వాళ్ల మాటల్లో. ఏం కనిపించింది, ఏమేం చూశాం, ఏది పనిచేయలేదు, చివరికి ఏం చేశాం. పనిచేయనివి రాయడం మరీ ముఖ్యం, తర్వాత వచ్చేవాళ్లకు ఆ దారులు తప్పుతాయి. పేర్లు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు అందులో రాయకూడదు. పేజీ కింద రెండు గీతలు ఖాళీగా వదలాలి. రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అక్కడ ఎలా ఉందో రాయాలి. ఆ రోజుకు బాగైనట్టు కనిపించి వారానికే తిరగబెట్టేవి ఎన్నో ఉంటాయి.

మాస్టారి పేజీ ముత్యాల్లాంటి చేతిరాతతో ఇలా ఉంది: "నెట్ లేదనుకున్నాను. తేదీ తప్పు. రాత్రి స్విచ్ ఆపితే గడియారం ఆగిపోతోంది. బ్యాటరీ సీఆర్2032 నేనే మార్చాను. బయాస్‌లో తేదీ పెట్టాను. ఫోటోలు బయటి డిస్కులోకి కాపీ చేశాను." కింద వదిలిన గీతల్లో, రెండు వారాల తర్వాతి తేదీ వేసి: "రోజూ స్విచ్ ఆపుతున్నాను. తేదీ సరిగ్గానే ఉంది. ఎదురింటివాళ్ల సిస్టమ్‌కి కూడా ఇదే జబ్బు. నిన్న వెళ్లి మార్చి వచ్చాను."